కమానుకు కొబ్బరినూనె

హలో… ఆఁ పాపా, నేనే, యతిరాజులు సార్‌నే. చెప్పు రూపశ్రీ.

…ఏడుస్తా మాట్లాడితే నాకు సగం మాటలు వినపడవు. నిదానంగా చెప్పు. మద్రాసు సంగీతం కాలేజీవాళ్ళు పరీక్షకు వీడియోలో పిలిచేదానికి ఇంకా గంట టైముండాది కదా…

చెల్లో పలకడంలేదా? అంతెత్తు వయొలిన్ పలకడంలేదంటే… తీగ తెగిందా?

…నాలుగూ ఉండాయి. శ్రుతి?… అదీ సరిగానే ఉండాది. అయితే వేలితో మీటు చూద్దాం. ఫోన్ దగ్గర పెట్టి మీటు…

ఆఁ. మోగుతాంది కదా, నిండుగా. అంటే పెట్టెలో దోషం లేదు. ఇప్పుడు కమానుతో లాగు…

…మళ్ళీ…

ఊఁ. కిటికీ సందులో గాలి దూరినట్టుండాది, అంతే. కమాను జారిపోతాంది, తీగను పట్టుకోవడంలేదు. రోజిన్ రుద్దినావా?

…బిళ్ళంతా రుద్దినా పొడి అంటుకోలేదా…

ఆగమ్మా. మీ అవ్వ వెనకనుంచి ఏదో అంటాంది. ఏమంటారు కుప్పమ్మగారు?

…దిష్టా! నిమ్మకాయ కోయమంటారా? కోయనియ్యి, ఆమె తృప్తి ఆమెది. రసం మాత్రం చెల్లో మీద పడనీయవద్దు.

…ఏమని? దేవుడికి దండం పెట్టని ఫిజిక్సు అయ్యవారి దగ్గర సంగీతం నేర్చుకుంటే సరస్వతి అలగదా అనా? అలిగిందనే అనుకుందాం. అలకకు నా దగ్గర మందు లేదు. మందుండే జబ్బులేవో ముందు చూద్దాం. ఇంట్లో దినపత్రిక ఉండాదా?

…దాని మీద కమాను పెట్టు. దాని గుర్రపు వెంట్రుకలను బొటనవేలితో కాగితానికి నొక్కు— అవును, వెంట్రుకలను చేత్తో ముట్టవద్దని చెప్పింది నేనే. ఈరోజు ముట్టమని చెప్పేదీ నేనే. నొక్కినావా?… కాగితాన్ని వెలుతురుకు పట్టు. చార కనపడతాందా?

…అవతలి పక్క అక్షరాలు కూడా కనపడతాండాయా…

నూనె పాపా అది. వాసన చూడు.

…కొబ్బరినూనె.

రూపా… నిన్న మీ ఇంట్లో ఆయుధపూజ కదా. మీ నాయన లేతు మిషన్ల షాపులో పనిముట్లన్నీ తుడిచి, నూనె పూసి, కుంకుమ పెట్టింటారు. చెల్లోను కూడా వాటి వరసలో పెట్టినారా?

…ఎవరు?

…మీ నాయనా! 'ఆ పెద్ద డబ్బా' అని తప్ప దాన్ని ఏ పేరుతోనూ పిలవని మనిషి. ఆయనే తెచ్చి పూజలో పెట్టినాడా…

రూపా, అరవవద్దు. అరవవద్దంటాండానా. …ఆ మాట వెనక్కి తీసుకో. 'నీ నూనె చేతులు నా బతుకును తుడిచిపెట్టినాయి' అని అంటే ఎట్లా? ఆ చేతులే కదా ఆదివారమాదివారం చంద్రగిరిలో ఆ డబ్బాను ఎత్తి, నా దగ్గరికొచ్చే చిత్తూరు బస్సులో పెట్టింది.

…లేదు, నేను ఆయనను వెనకేసుకు రావడంలేదు. తప్పు జరిగింది. జరగలేదని నేననను. …యాడున్నాడు? వాకిట్లోనా? పిలిచి ఫోన్ ఇయ్యి.

…మాట్లాడకపోతే మానె. ఫోన్ చేతికిచ్చేదానికి మాటలు అక్కర్లేదు.

…

ఏమప్పా ఢిల్లీబాబూ.

…విన్నాను. పాప అన్న మాట విన్నా.

…అవునప్పా. నీ వల్లనే చెడింది. కాదని చెప్తే నువ్వూ నమ్మవు. కానీ ఎట్లా జరిగిందో నాకు తెలియాల. ఉన్నదున్నట్టు చెప్పు.

…కమాను మీద తెల్లగా బూజు పట్టిందనుకుని గుడ్డతో తుడిచినావు. సరే. ఆ తర్వాత?

…వెంట్రుకలు కదా, ఎండిపోయి గరుకుగా ఉండాయని… అరచేతిలో నూనె వేసుకుని… దువ్వెనతో కూడానా?

…లేదప్పా, నవ్వలేదు. దగ్గొచ్చింది.

…ఏమీ? మిషన్ ఆపినావా? పాప వాయిస్తా ఉంటే వినేదానికా?… ఎప్పుడు?… ఈ సంగతి దానికి తెలుసా?

…చెప్పలేదా. సరే. అది నేను చెప్పేది కాదులే.

చూడప్పా, నువ్వు తుడిచింది బూజు కాదు. రోజిన్ పొడి. చెట్టు బంక అది. ఆ పొడి ఉంటేనే కమాను తీగను పట్టుకుంటాది. పట్టి లాగుతాది, తీగ జారుకుని వెనక్కి పోతాది, కమాను మళ్ళీ పట్టుకుంటాది. కంటికి కనపడనంత వేగంగా పట్టడం, జారడం, పట్టడం, జారడం. మనం నాదమనేది దాన్నే. రాపిడి లేకపోతే చెల్లో లేదు.

…అవును, నీ షాపులో రాపిడి శత్రువు. బేరింగు అరిగితే దానివల్లే, మిషన్ కీచుమంటే దానివల్లే. నూనె పోసి దాన్ని అణచడమే నువ్వు చిన్ననాటి నుంచి నేర్చిన విద్య. నీ విద్య ప్రకారం నువ్వు చేసింది సరైన పనే. నూనె పూసిన వస్తువు వేరు, అంతే.

…ఏందది? రంగుల థిన్నరుతో కడుగుతావా! వద్దు! ఢిల్లీబాబూ, ఆ థిన్నరు టిన్ను కింద పెట్టు. పెట్రోలూ వద్దు. కర్ర మీది వార్నిష్ ఊడి వస్తాది. …పెట్టినావా? మూత కూడా పెట్టు.

కుప్పమ్మగారికి సుగర్ సూది వేసేటప్పుడు దూదికి అద్దుతారే, ఆ స్పిరిట్ ఉండాదా?… చాలు.

…వేరే కమాను నా దగ్గర లేదప్పా. నా వేళ్ళు బిగుసుకుపోయినాక చెల్లో, కమాను రెండూ పాపకే ఇచ్చేసినా. తిరుపతిలో వయొలిన్ నేర్పే కల్యాణవల్లిగారిని ఆమె కమాను అడగవచ్చు. ఈ పండగ రద్దీలో అది నీ చేతికొచ్చేసరికి మద్రాసువాళ్ళు కుర్చీలు ఎత్తేసి పోయింటారు.

…వాయిదా వెయ్యరు. దశమినాడే చేర్చుకోవడం వాళ్ళ ఆనవాయితీ. చెల్లోకుండేది ఒకే సీటు. దానికోసం కూర్చున్నవాళ్ళు ఇంకా ఉండారు.

ఇప్పుడు విను. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచు. పాపను పిలువు. ఈ పని ఒక్కరి చేత కాదు…

రూపా, వినపడతాందా? కమాను మర వదులు చెయ్యి. వెంట్రుకలు వేలాడాల. కర్రకు గుడ్డ చుట్టి ఒకరు పక్కకు లాగి పట్టుకోవాల. స్పిరిట్ చుక్క కర్రకు తగలకూడదు. ఇంకొకరు దూదితో తుడవాల.

…అవ్వ వద్దమ్మా, ఆమె చెయ్యి వణుకుతాది. అమ్మ?… కొండమీద దేవస్థానం డ్యూటీనా, పండగ పూట కూడా. అయితే ఉండేది ఒక్కడే.

…మాట్లాడమని నేననలేదు. పట్టుకోమను.

…ఊఁ…

…పైనుంచి కిందికి, ఒక దిక్కుకే తుడువు. దూది మార్చు. మార్చుతా ఉండు. కాగితం మీద నొక్కి చూడు… చార ఉండాదా?… మళ్ళీ తుడువు.

…ఏం ఢిల్లీబాబూ, పలకవేం? …చెయ్యి కదులుతాదని ఊపిరి బిగబట్టుకున్నాడా! పీల్చప్పా. నువ్వు పడిపోతే నిన్ను తుడిచేదానికి స్పిరిట్ చాలదు.

…నవ్వినావా రూపా?… లేదా. సరే, లేదు.

చార పలచబడిందా?… ఫ్యాన్ కింద ఆరనియ్యి. ఎండలో పెట్టవద్దు, వెంట్రుక పెళుసవుతాది. ఈ లోపల రోజిన్ బిళ్ళ పైపొర గీకెయ్యాల, దానికీ నూనె అంటింటాది. ఇనుము రుద్దే ఉప్పుకాగితం… ఢిల్లీబాబూ, నీ దగ్గర లేకపోతే చంద్రగిరిలో ఇంకెవరి దగ్గరుంటాది.

…

ఆరిందా? రుద్దు… పొడి పడుతాందా?… మర బిగించు. లాగు.

…

మళ్ళీ. చేతి దగ్గర మొదలుపెట్టి కొన దాకా…

…లేదు పాపా, లైన్‌లోనే ఉండా. వింటాండా.

చేతి దగ్గరి సగం పట్టుకుంటాంది. మధ్య దాటినాక గొంతు పోయినట్టుండాది. కొనలో ఏమీ లేదు. నూనె ఆ పక్క ఎక్కువ ఇంకింటాది. ఇంక తుడిస్తే పలుకుతాదేమో; అది మళ్ళీ ఆరేదానికి మనకు టైము లేదు.

…'బాగుంది' అనమంటావా? అనలేను. బాగాలేదు. పోయిన ఆదివారం నువ్వు వాయించిన దాంట్లో సగం కూడా లేదు. బాగుందని నేను చెప్పి పంపితే, వాళ్ళ మొహాలు ముడుచుకున్నప్పుడు అది నీ తప్పనుకుంటావు.

…మానేస్తావా.

…అది నీ ఇష్టం. నేను బలవంతం చేయను. ఈ ఊళ్ళలో ఈ వాయిద్యం ఎత్తుకునింది నువ్వొక్కదానివే. వచ్చే సంవత్సరం దాకా నేర్పేదానికి నాకు ఈ మాత్రం కదిలే వేళ్ళైనా ఉంటాయో లేదో కూడా తెలియదు. అయినా బలవంతం చేయను. ఒకటి మాత్రం చెప్తా. పట్టు చాలని ఈ సగం కమానుతో వేగంగా పోయే భాగం రాదు. నిదానంగా తీసే రాగం వస్తాది. పొడుగు స్వరాన్ని ఒకే లాగులో తేలేవు గనక, రెండుగా విరిచి లాగు. ఆయాసం ఉండే మనిషి ఒక మాటను రెండుసార్లుగా అంటాడే, అట్లా. విరిచినట్టు వాళ్ళకు తెలుస్తాది. తెలియనియ్యి.

…సీటా? తెలియదమ్మా. తెలియనిదాన్ని తెలుసునని చెప్పే అలవాటు నాకు లేదు. రాకపోయే అవకాశమే ఎక్కువ.

…అడిగితే జరిగింది చెప్పు. కమానుకు నూనె తగిలింది, కడిగినాము, సగమే పలుకుతాంది. అంతవరకు చాలు.

…ఎవరు పూసినారని అడిగితేనా? ఆ జవాబు నేను నేర్పలేను. అది నువ్వే చెప్పుకోవాల.

…ఏందప్పా ఢిల్లీబాబూ? నేనే పూసినానని నువ్వు చెప్తావా వాళ్ళకు? వద్దు. పరీక్ష పాపది. నువ్వు మధ్యలో దూరితే వాళ్ళు నీ గోడు వింటారు, దాని రాగం వినరు.

…

రూపా… ఉండావా?

…కూర్చున్నావా. మంచిది. ఫోన్ యాడ పెట్టినావు?… గోడకు ఆనిస్తే నీ ఎడమచెయ్యి కనపడదు. వాళ్ళు వేళ్ళు చూడాల… పుస్తకాల మీదనా? అది జారుతాదమ్మా, రాగం మధ్యలో జారిందంటే…

…

'నువ్వే పట్టుకో' అని ఎవరితో అంటాండావు? నాతో కాదు కదా. సరే, నేను వినలేదు.

…ఢిల్లీబాబూ, ఫోన్ అడ్డంగా పట్టుకో. రెండు చేతులతో, రొమ్ముకు ఆనించి. వేలు కెమెరాకు అడ్డం రాకుండా. …లేదప్పా, నువ్వు వాళ్ళకు కనపడవు. పాపకు మాత్రం కనపడతావు. అందుకని మొహం కొంచెం సరిగా పెట్టుకో.

…ఏమైంది? పిలుపొస్తాందా? మద్రాసు నంబరేనా?… తీయమ్మా. నాది కట్ చేసి అది తియ్యి.

…లేదు, నేను చెప్పేదేమీ లేదు ఇంక… ఆగు, ఒకటుండాది— కమాను మధ్య దాటి పోవద్దు రూపా, వాయించేటప్పుడు ఎంత ఆశ పుట్టినా సరే, మధ్య దాటి—

హలో?…

హలో.