సూర్యుడి పేరు మీద మా బొగ్గు

ఇక్కడ కూడిన పెద్దలకు, సారు పాఠం విన్న పిల్లలకు, ముందు వరుసలో తల వంచుకుని కూర్చున్న మా వందనమ్మకు నమస్కారం. అమ్మా, ఇంతమంది వచ్చినంత మాత్రాన నీ దుఃఖం తగ్గదు. నాకు తెలుసు. అయినా ఒకసారి తలెత్తి చూడు తల్లీ. నీ భర్త విజయేందర్ సారు ఎంతమందికి అయినవాడో చూడు.

నా పేరు ఇస్తారి. మందమర్రి గనిలో బొగ్గు తవ్వి రిటైరయినవాణ్ణి. చదివింది ఏడో తరగతి. మా బిడ్డ ఉమారాణి ఈ కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. ఆమె వల్లే సారు నాకు పరిచయం.

సారు దగ్గరుండి కట్టించిన ఆ బిల్డింగు మీరందరూ చూశారు. కప్పు మీద పడిన ఎండే దాని కరెంటు. కప్పు మీద పడిన వానే దాని నీళ్లు. హాస్టల్ వంటింటి చెత్తే దాని గ్యాసు. బయటివాళ్లను ఏదీ అడగని ఇల్లు! శనివారం శనివారం సారు జనానికి దాన్ని తిప్పి చూపించేవారు.

నేను మొదటిసారి పోయినప్పుడు, నాతో గనిలో దిగిన లచ్చయ్య కూడా వచ్చాడు. అంతా చూసి ఊరుకున్నాడా? "అంటే మేం జిందగీ అంతా తవ్విన బొగ్గు మీకు పనికిరాదన్నట్టే గదా సారూ?" అని అడిగేశాడు. మేమంతా పరేషాన్. సారు నవ్వారు. "కాకా, మీ బొగ్గుకు దండం పెడుతున్న. మీ మనుమలు గా గనిలకు దిగొద్దనే గీ తిప్పలన్నీ" అన్నారు. చెప్పండి, గని దుమ్ము తిని తెచ్చుకున్న మా దగ్గుకు అంత మర్యాద ఇచ్చిన మనిషి ఇంకొకరున్నారా? ఆ రోజు నా ఛాతీ ఉప్పొంగింది. ఇంటికి పోయి ఇంటామెకు చెప్పిందే చెప్పాను.

తర్వాత ఏం జరిగింది? కరెంటు దాచే బ్యాటరీలు చెడిపోయాయి. కాలేజీవాళ్లు కొత్తవి తెచ్చారా? తేలేదు. హాస్టల్ నుంచి భూమిలో వైరు వేసి, దొంగచాటుగా లైన్ కరెంటు కలిపారు. సారుకేమో "బాగు చేయించినం" అన్నారు. ఆయన గోడలు కట్టడం నేర్పే సారు. వైర్ల సంగతి వైర్లవాళ్లకు వదిలారు. మనవాళ్లే కదా అని నమ్మారు. రెండేళ్లు! రెండేళ్లు ఆయన నోటితో అబద్ధం చెప్పించారు. లైన్ కరెంటు దేన్ని కాలిస్తే పుడుతుంది? మరి ఆ ఫ్యాన్లు తిప్పింది ఎవరు? మా బొగ్గు! సూర్యుడి పేరు మీద మా బొగ్గు! మాకు దండం పెట్టిన మనిషిని మా బొగ్గుతోనే మోసం చేశారు.

ఇచ్చోడ బడి పిల్లలు చూడటానికి వచ్చిన రోజు ఊరంతా కరెంటు పోయింది. ఆ బిల్డింగులోనూ ఫ్యాన్లు ఆగాయి. "సూర్యుడు గూడ బిల్లు కట్టలేదా సారూ?" అని ఒక పిల్ల అడిగింది. అందరూ నవ్వారు. సారు పోయి కరెంటు బోర్డు తెరిపించి, వైరు పోయిన దారి పట్టి హాస్టల్ దాకా వెళ్లి వచ్చారు. వచ్చి ఆ పిల్లల ముందు చేతులు జోడించారు. "బిడ్డలూ, మీకు అబద్ధం చెప్పిన. తెల్వక చెప్పిన. అయినా చెప్పింది నేనే" అన్నారు.

తప్పు చేసినవాళ్లలో ఒక్కరైనా జోడించారా చేతులు? పైగా చూపించే పని ఆయన నుంచి తీసేశారు. ముందే తెలిసినవాళ్లు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. ఆయనను కుంగదీసింది వైరు కాదు, ఆ మొహాలు. పోయిన వారం గుండె ఆగింది. ఎవరు ఆపారని నేను అడగను.

తెలిసినవాళ్లలో నా బిడ్డ కూడా ఉంది. అవునయ్యా, ఉంది. కొలువు పోతుందని నోరు మూసుకుంది. నిన్న నా ముందు ఏడ్చింది. బిల్డింగుకు సారు పేరు పెట్టి మళ్లీ జనానికి చూపిస్తారట. చూపించే పని ఆమెకే ఇచ్చారట. "మరి ఏం చెప్తవు బిడ్డా?" అన్నాను. రాత్రంతా నిద్రపోలేదు. ఈ పొద్దున అంది: "ముందుగాల వైరు కాడికే తీస్కపోతా బాపూ. కొలువు పోతే పోనీ."

అయ్యలారా, అమ్మలారా, చావు సభలో సంతోషం చెప్పరాదంటారు. నా వల్ల కావడం లేదు. ఈ బిడ్డ పుట్టిననాడు కూడా నేనింత సంబరపడలేదు! వందనమ్మా, మన్నించు తల్లీ.

కానీ ఆమె ఒక్కతే చెబితే ఒక్క పూటలో బయటికి పంపుతారు. అది నాకు తెలుసు. ఇక్కడ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరెవరో మీకు తెలుసు.

ఇప్పుడు సారు కోసం అందరం లేచి మౌనంగా నిలబడదాం. మౌనం మీకు కొత్త కాదు. కాలేజీ కోసం రెండేళ్లు పాటించారు. ఆయన కోసం రెండు నిమిషాలు చాలు. ఆ తర్వాత అందరూ కూర్చోండి. తెలిసినవాళ్లు మాత్రం కూర్చోకండి. నా బిడ్డ నిలబడే ఉంటుంది.

లేవండి.