సైదా మైకు పట్టిన రోజు

చీమకుర్తి రోడ్డుమీద మస్తాన్‌బీ టీకొట్టు. రాళ్ళకు పాలిష్ పట్టే సైదా ఆ బెంచీమీద కూర్చున్నాడంటే ఇక నోరు ఆగదు. ఆ సాయంత్రం అతనికి లారీ డ్రైవరు వీరబాబు దొరికాడు.

"ఒరేయ్ వీరబాబూ, మొన్న మా పదో తరగతి వాళ్ళందరం ఇరవై ఏళ్ళకి కలిశాంగా, అక్కడ నా స్పీచి సంగతి నీకెవరూ చెప్పలేదా? నెలరోజులు ఫోనులో ఏఐతో ప్రాక్టీసు చేశాన్రా. మనం మాట్లాడితే అది విని తప్పులు చెబుద్ది. మొదటిరోజు, 'అయిదు నిమిషాల్లో నలభైసార్లు అంటే, అంటే అన్నారండీ, కాస్త నిదానంగా మాట్లాడండి' అంది."

"ఫోను నిన్ను అండీ అందా?"

"మరి? మనిషిని బట్టేగా మర్యాద! వారం తిరిగేసరికి ఒక్క 'అంటే' లేదు. పదిహేనో రోజుకి 'సైదా గారూ, మీకు నేర్పడానికి నా దగ్గర ఇంకేం లేదు' అని చేతులెత్తేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నజీరా గురించి చెప్పే ముక్క వినగానే ఏడ్చింది! స్పీకరులోంచి నీళ్ళు కారి నా చొక్కా జేబంతా తడిసిపోయింది."

"నజీరా ఎవర్రా?"

"మా క్లాసు ఫస్టు. ఇప్పుడు గుంటూరులో లెక్చరరు. అప్పట్లో బళ్ళో జెండా పండగనాడు నేను మైకు ముందు బిగుసుకుపోతే, నా వెనక నిలబడి ఒక్కో మాటా అందించింది. ఎవరికీ తెలీదు. ఆ మాట నలుగురిలో చెప్పాలని ఇన్నేళ్ళూ... సరే, అదలా ఉంచు. నేను మైకు పట్టానా, క్వారీల్లో బ్లాస్టింగు ఆగిపోయింది. అప్పటికే పేలిన బండ ఒకటుందే, నా మాట పూర్తయ్యేదాకా గాల్లోనే నిలబడింది! ఒంగోలుదాకా లారీలు బారులు తీరాయి. దారిపొడుగునా మిరప కళ్ళాల్లో కూలోళ్ళు కాయలు వదిలేసి ఇటు తిరిగారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు బరువు దించకుండా అట్లాగే..."

"నజీరా ఏమంది?"

"ఏమంటది? లేచి నిలబడింది. 'ఈ మాట కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూశాను సైదా' అంది."

"చాల్లే సైదా," అంది మస్తాన్‌బీ, టీ వడపోస్తూ. "ఆ సభకి టీ పోసింది నేనేగా. మైకులో నీ పేరు మూడుసార్లు పిలిచారు. నువ్వు నా క్యాను వెనక కూర్చుని కాగితం మడతలు పెడుతున్నావు. తర్వాత చూస్తే అక్కడా లేవు. నీ వంతు పోయింది, భోజనాలయ్యాయి, ఆ అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోయింది."

వీరబాబు నవ్వబోయి, సైదా మొహం చూసి ఆగిపోయాడు.

"వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి నీ గురించి అడిగింది కూడా," అంది మస్తాన్‌బీ.

సైదా గ్లాసు కింద పెట్టాడు. "ఏమడిగింది?"

"'సైదా రాలేదా అక్కా? తను మాట్లాడతాడని పొద్దుట్నుంచీ ముందు వరసలోనే కూర్చున్నా' అంది."

బండలు వేసుకున్న లారీ ఒకటి కొట్టంతా అదిరేలా గడగడమంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా సైదా ఆగాడు.

"అక్కా, మళ్ళీ చెప్పవా... తను ఎట్లా అందో అట్లాగే."