తాత గొంతు

ఆదివారం ఉదయం క్యాంపస్ బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ముసలామెను చూసి, తార్నాక మెథడిస్టు చర్చి క్వైర్‌లో పాడే విద్యార్థిని ఆగింది.

"అమ్మమ్మా, చర్చికి రాకుండ గీడ కూసున్నవేంది?"

"భయమైతాంది బిడ్డా. మీ తాత పోయినా, పాట మొదలైతే ఆయన గొంతు వినపడుతది."

"మాక్కూడ వినపడుతది."

"నన్ను ఊరడించకు."

"నిజం అమ్మమ్మా. క్వైర్ల మాకందరికి పాట నేర్పింది తాతనే కదా. ఆయన ఊపిరి పీల్చిన కాడనే మేమూ పీలుస్తం. ఒక్కోసారి నేనే ఉలిక్కిపడి వెనక్కి చూస్తా."



"వినపడుతదని కాదే నా భయం. చదువులైపోయి మీరంత ఎల్లిపోతరు. ఒక ఆదివారం ఆ గొంతు వినపడకపోతే ఎట్ల?"

"కొత్తగ చేరినోళ్లకు నేనే నేర్పుతున్న. వాళ్ల పాట ఆయన పాడినట్టు లేకుంటే నువ్వే వచ్చి చెప్పాలె."

"లేపు బిడ్డా, మోకాళ్లు పట్టేసినయి."