పిచ్చుకలు వాలని కళ్లం

నా పేరు గార్లపాటి ఆండాళు. భర్త నరహరి గతించారు. వయస్సు యాభై నాలుగు. మిర్యాలగూడలో నా తమ్ముళ్ళు రాజమౌళి, దశరథల ఇంట్లో ఉంటాను. ఇంటి పూజ, బియ్యం మిల్లు కళ్లం నేను చూస్తాను. మేజిస్ట్రేటు గారి ఎదుట 1970 డిసెంబర్ 21, సోమవారం పగలు పదకొండు గంటలకు ఈ సంగతులు చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. నా వెంట ఎవరూ రాలేదు.

శుక్రవారం, 18వ తేదీ, నాలుగున్నరకు లేచాను. ధనుర్మాసం. స్నానం చేసి, పూజ ముగించి, కట్టెపొంగలి వండి నైవేద్యం పెట్టాను. ఏడు గంటలకు ప్రసాదం గిన్నె తీసుకొని కళ్లానికి పోయాను. మా మిల్లు వేములపల్లి రోడ్డు మీద, పోలీసు చర్య తర్వాత పటాలం విడిది చేసిన జాగాలో ఉంది. పటాలం వెళ్ళిపోయాక ఆ జాగా ఏడేళ్ళు పాడుపడి ఉంది. తర్వాత వేలంలో రాజమౌళి కొన్నాడు. ఉడకబెట్టిన వడ్లు అక్కడే ఆరబోస్తాము. ఆ పొద్దున నలభై బస్తాల వడ్లు ఎండకు పోసి ఉన్నాయి. పిచ్చుకలు లేవు.

కారణం చెబుతాను. దీపావళికి ముందు కళ్లం పెంచడానికి తవ్వితే తుప్పు పట్టిన డ్రమ్ములు ఏడు బయటపడ్డాయి. లోపల తెల్లటి పొడి. డ్రమ్ముల మీది రాతలు చెరిగిపోయాయి. రాజమౌళి సున్నం అన్నాడు. మేస్త్రి యాదయ్య పిడికెడు తీసి నీళ్ళు పోసి చూశాడు.

"సేటూ, సున్నమైతే ఉడుకాలె. ఇది సల్లగ పండుకున్నది."

"ఇరవై ఏండ్లు భూమిల పండుకున్నది, ఇగ ఏం ఉడుకుతది? మిలటరీ సున్నం, చెప్పినట్టు వింటది. కలుపు."

నాలుగు డ్రమ్ములు గచ్చులో కలిపారు. మూడు బావి వెనుక గుంటలో పారబోశారు. నేను అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. తర్వాత బావిలో కప్పలు వెల్లకిలా తేలాయి. గుంట చుట్టూ గరిక మాడిపోయింది. కళ్లం మీద చచ్చిన పిచ్చుకలను ఊడ్చే మనిషి సక్రి రోజూ చాటలో ఎత్తి పారేసేది. కొన్నాళ్ళకు ఎత్తడానికి పిచ్చుకలే రాలేదు. రాజమౌళి నవ్వి, "నీ పూజ ఫలమక్కా, దేవుడే కావలి కాస్తున్నడు" అన్నాడు. నేను నమ్మాను. ఆ సాయంత్రం ఒక దీపం ఎక్కువ పెట్టాను.

సక్రి తండా మనిషి, గేమ్యా భార్య. పదకొండేళ్ళు మా కళ్లం ఊడ్చింది. ఊడ్చిన మట్టిగింజలు ఊడ్చినవాళ్ళవి. ఇది మా నాయన పెట్టిన పద్ధతి. అంతకు మించి సక్రి ఒక్క గింజ ముట్టలేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు వడ్లు ఎత్తారు. సక్రి ఊడ్చింది.

"పెద్దమ్మా, గచ్చు పిండి లెక్క లేస్తున్నది. గింజల కంటె బూడిదే ఎక్కువొస్తున్నది."

"కడుక్కొని వండుకో. పండుగ నెల, మూలలు గూడ ఊడ్సుకో" అన్నాను.

"మూలలు గూడనా? అయితే నా బిడ్డకు పాశెం వండుత. రోజు మీ దేవుడే తినాల్నా?" అని నవ్వింది.

పొడి మూలల్లోనే ఎక్కువ. ఆ గింజలను ఆ బావి నీళ్ళతోనే కడిగింది. మూడు శేర్లు ఉంటాయి. మూలలు ఊడ్చుకోమన్నది నేనే.

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు తండా నుంచి బీక్యా వచ్చాడు. సక్రి బిడ్డ సోనీ రాత్రంతా కాళ్ళు చేతులు కొట్టుకొని తెల్లవారేసరికి చనిపోయిందనీ, సక్రిని బండిలో దవాఖానకు తెచ్చారనీ చెప్పాడు. సోనీకి ఆరేళ్ళు. నేను దవాఖానకు పోయాను. సక్రికి పండ్లు కరచుకున్నాయి. మాట లేదు. తల వెంట్రుకల్లో తెల్లటి పొడి ఇంకా ఉంది. పన్నెండుంబావుకు ప్రాణం పోయింది. గేమ్యా త్రిపురారంలో కాల్వ పని నుంచి ఒంటి గంటకు వచ్చాడు.

"పెద్దమ్మా, నా పెండ్లాం ఏం తిన్నది?" అని అడిగాడు. నేను చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు పూజగది ముందు అందరం కూర్చున్నాము. రాజమౌళి చెప్పాడు: "మందు కలిపిన విత్తన వడ్లు సక్రి దొంగతనం చేసిందనాలె. గచ్చు మీద సిమెంటు పోద్దాం."

దశరథ అడిగాడు: "పొద్దున ఈ కళ్లంల ఆరిన వడ్ల బియ్యం అరవై బస్తాలు సూర్యాపేటకు, కోదాడకు పోయినయ్ గదన్నా. వాటి సంగతేంది?"

"పోనీ. వెనక్కు తెప్పిస్తే మనమే ఒప్పుకున్నట్టయితది."

"పోలీసోళ్ళకు ఎవరు చెప్పాలె?"

"అక్క. అక్క అబద్ధమాడదని ఊరంత ఎరుక."

నేను లేచి దీపంలో వత్తి సరిచేశాను. ఒప్పుకున్నానని అనుకున్నారు. ఇంట్లో ఆ సాయంత్రం అయిన నిర్ణయం ఇది.

మా ఇంట్లో ఈ ఏడు విత్తన వడ్లు లేనే లేవు. ఆ అరవై బస్తాల మీద మా మిల్లు నీలం ముద్ర ఉంటుంది, చూస్తే గుర్తుపట్టవచ్చు.

రాసింది చదివి వినిపించారు, విన్నాను. నేను పలికినదే ఉంది. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. దేవుని ముందు కూడా ఇదే చెబుతాను.

(సంతకం) గార్లపాటి ఆండాళు