కడ్డీల షెడ్డులో పట్టిన ధూపం

నా పేరు గుర్వయ్య. మా నాయిన మైసయ్య. వయసు అరవై ఎనిమిది. కులం కురుమ. నాలుగో తరగతి చదివాను. గొర్రెలు అమ్మేశాక మూడేళ్లుగా ఆలేరు స్టేషను వెనక బొగ్గు కడ్డీల షెడ్డుకు కావలి ఉంటున్నాను.

అక్కడ బెల్లంపల్లి బొగ్గును పొడి చేసి, తారు నూనెలో కలిపి, మూసిన పీపాలో కాస్తారు. బొగ్గు కరిగి పాకమవుతుంది. గుడ్డతో వడగట్టి, నూనెను మరిగించి తీసేస్తే నల్లముద్ద మిగులుతుంది. దాన్ని కడ్డీలుగా ఒత్తి బట్టీలో కాలుస్తారు. సినిమా యంత్రంలో వెలిగేవి ఆ కడ్డీలే.

వడపోత గుడ్డలను పెట్రోలు లాంటి పలచని నూనెలో కడుగుతారు. ఆ పని ఏసోబుది. నెల నుంచి అతనికి తలనొప్పి, వాంతులు.

లోపలికి అగ్గి పోనీయవద్దని యజమాని కృష్ణయ్య గారి హుకుం. రోజూ గేటు దగ్గర అందరి బీడీలు, అగ్గిపెట్టెలు నేనే తీసుకుంటాను.

నిన్న, 17-2-1963 ఆదివారం, ఏసోబు ప్రార్థన ముగించుకొని పదింటికి వచ్చాడు. బీడీకట్ట, అగ్గిపెట్టె నాకిచ్చాడు. "తలనొప్పికి బీడి గూడ చేదైతాంది పెద్దయ్యా" అన్నాడు.

గొర్రెలకు జబ్బు చేస్తే ఆదివారం మా కులదేవుడు బీరప్పను తలచుకొని మందకు సాంబ్రాణి పొగ పట్టడం మా ఆచారం. ఏసోబుకూ పట్టాలనిపించింది. చెబితే వద్దంటాడేమోనని చెప్పలేదు. పదకొండింటికి నా గుడిసె పొయ్యిలోని పిడక నిప్పులు చిప్పలో వేసుకొని లోపలికి పోయాను. ధూపాన్ని నేను అగ్గి అనుకోలేదు. నిజంగా అనుకోలేదు.

గుడ్డల తొట్టికి నాలుగడుగుల దూరంలో ఉండగానే భగ్గుమంది. ఏసోబు నన్ను తలుపు బయటికి నెట్టాడు. అతని చేతులు మోచేతుల దాకా కాలాయి. నాకు మీసాలు కాలాయి.

ఏసోబే బీడీ తాగి అంటించాడని కృష్ణయ్య గారు పోలీసులకు చెప్పారు. ఏసోబు కాదనలేదు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు.

ఈ ఉదయం భువనగిరి దవాఖానకు పోయాను. ఏసోబు మంచం దగ్గర పోలీసు జవాను ఉన్నాడు. చేతులు మానగానే ఏసోబును జైలుకు తీసుకుపోతారట. ఏసోబు మెల్లగా, "సప్పుడు జెయ్యకు పెద్దయ్యా. జైల్ల నువ్వు ఆర్నెల్లు గూడ బత్కవు" అన్నాడు.

అతని భార్య జానమ్మకు సంగతి తెలియదు. నాకు గ్లాసుతో నీళ్లిచ్చింది. "మా ఇంటాయనకు బీడి కాడ సోయి లేదు. నిన్ను గూడ సంపుతుండె. మాఫ్ చెయ్యి పెద్దయ్యా" అంది.

గ్లాసు కింద పెట్టి, పది గంటల బస్సుకు ఈ ఠాణాకు వచ్చాను. నిన్న గేటు దగ్గర అతను నాకిచ్చిన బీడీకట్ట, అగ్గిపెట్టె తమరి బల్ల మీద పెట్టాను.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, ఇందులో అబద్ధం లేదు. ఏసోబు మీద రాసిన కేసు కాగితంలో బీడీ మాట కొట్టివేయండి. నిప్పు తెచ్చింది నేను.

18-2-1963, పగలు పన్నెండున్నర
(సంతకం) గుర్వయ్య