చీటీ లేని ఈసీజీలు

శ్రీమతి కనకలక్ష్మి గారు మన ద్వీపపు ఆసుపత్రి ఈసీజీ గదిలో టెక్నీషియన్‌గా చేరినది 1991 ఆగస్టు 12, సోమవారం. అప్పుడు మిషన్ ఒక్కటే ఉండేది. డాక్టరు చీటీ, ఇక్కడి మాటలో పర్చీ, రాస్తేనే పరీక్ష. ఛాతీ నొప్పి అన్నవారికే చీటీ. ఈ రెండు నియమాలనూ వారు పద్దెనిమిదేళ్లు తప్పకుండా పాటించారు.

2009లో ఒక మధ్యాహ్నం, ప్రోతరాపూర్ నుండి సింహాచలమ్మ అనే ఆవిడ దవడ నొప్పి, వీపులో పోటు, చెమటలతో వచ్చింది. డాక్టరు గ్యాస్ అని మాత్ర రాసి పంపారు. ఆవిడ ఈసీజీ గది గుమ్మంలో ఆగింది.

"మా ఆయనికి తుమ్మొచ్చినా ఆ తీగలు తగిలించేస్తారు. నాకేటి, గ్యాసేనా దీదీ?"

"పర్చీ లేకుండా పెట్టకూడదమ్మా. రూల్," అన్నారు కనకలక్ష్మి గారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంటికి వెళ్లే బస్సులోనే సింహాచలమ్మ చనిపోయింది.

మరునాటి నుండి, ఆయాసమనో దవడ నొప్పి అనో వచ్చిన స్త్రీలకు కనకలక్ష్మి గారు చీటీ లేకుండానే ఈసీజీ తీశారు. రెండు మెమోలు అందుకున్నారు. గుండెపోటు స్త్రీలలో ఛాతీ నొప్పి లేకుండానూ రావచ్చని, అటువంటివారికి నర్సే చీటీ రాసే వీలు కల్పించాలని మూడుసార్లు అర్జీ పెట్టారు. మూడుసార్లూ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. ఒక డాక్టరు నోటితోనే చెప్పారు: "లేడీస్‌కి టెన్షన్ జ్యాదా, దీదీ. హార్ట్ కాదు." పదహారేళ్లలో అలా తీసిన పరీక్షల్లో నలభై ఒక్కరికి గుండెపోటు బయటపడింది. నియమం మాత్రం మారలేదు.

గత వారం, వారి తర్వాత ఈ గది చూసుకోవడానికి చేరిన దీపిక, ఆయాసపడుతూ వచ్చిన ఒకావిడను "పర్చీ లాయే క్యా, ఆంటీ?" అని చీటీ అడిగింది. దీపిక ఇంకా ప్రొబేషన్‌లో ఉంది; ఒక్క మెమో చాలు, ఉద్యోగం పోవడానికి. కనకలక్ష్మి గారే లేచి తీగలు తగిలించారు.

ఈ జూలై 31న వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆయురారోగ్యాలతో చిరకాలం ఉండాలని సహోద్యోగులందరం కోరుకుంటున్నాం. వారు ఉండబోయేది ఈ ద్వీపంలోనే. వారికి జబ్బు చేసినా రావలసింది మన దగ్గరికే, చీటీతోనే. అందుకే ఈ కోరిక మామూలు మాటగా అనలేకపోతున్నాం.