అరువు లైట్లు

అమ్మితే వ్యాపారమట, కొంటే సరదా అట, బిగిస్తే మాత్రం నేరమట! ఇదెక్కడి న్యాయం బావా, నువ్వే చెప్పు. బజారులో వరసగా నాలుగు కొట్లు. తెల్ల బల్బులు, నీలం బల్బులు, దండలు గుచ్చినట్టు వేలాడదీసి మరీ అమ్ముతున్నారు. వాళ్ళ జోలికి ఒక్కడూ పోడు. నేను స్క్రూడ్రైవరు పట్టుకున్నానంటే చాలు, చట్టానికి మెలకువ వచ్చేస్తుంది.

నిన్న చూడాల్సింది. రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు సరిగ్గా మా షెడ్డు ముందే ఒక కారు ఆపాడు. లైటు గాజు మీద వేలు పెట్టి, "దీని మీద ముద్రేదయ్యా?" అన్నాడు. ముద్ర లేకపోతే వెలగదా ఏంటి? భేషుగ్గా వెలుగుతోంది. ఆయన చీటీ రాసి వెళ్ళిపోయాడు, కారాయన వచ్చి నా పీక మీద కూర్చున్నాడు, బిగించింది నువ్వే కదా అని. ఇంకా తెల్లగా కావాలి, ఇంకా దూరం కొట్టాలి అని వారం రోజులు నా ప్రాణం తోడేసింది ఎవరట?

అక్కా, టీ వద్దులే. ఇప్పుడే తాగొచ్చాను. ఒట్టు. నువ్వు వంట చూసుకో, మేమేదో లైట్ల గోల మాట్లాడుకుంటున్నాం.

ఏంటి బావా, కళ్ళజోడు వెతుకుతున్నావా? పొద్దున్నే ఏం చదవాలని... ఓహో. ఆ కాగితమా. అదెక్కడికీ పోదులే. డిపోలో ఇవ్వాల్సింది పదింటికి కదా, ఇంకా ఎనిమిదన్నా కొట్టలేదు. ఆ పెన్ను కూడా అలా పక్కన పెట్టు. కాసేపు నా సోది విను.

నువ్వు ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాడివి, నీకు నేను లైట్ల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెప్తాను. లైటు లోపల అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది కదా, పాత బల్బుకి చేసిన గిన్నెలో పాత బల్బే ఉండాలి. అప్పుడు వెలుగు బుద్ధిగా కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. అదే గిన్నెలో ఈ తెల్ల ఎల్ఈడీ కూరామనుకో, అది ఎటు పడితే అటు చిమ్ముతుంది. చిల్లులు పడ్డ పైపు చూశావా, అలా. లోపల కూర్చున్నవాడికి పట్టపగల్లా ఉంటుంది. ఎదురొచ్చేవాడి గతేంటని ఎవడూ అడగడు. నేనూ అడగలేదు. బిగించిన ప్రతి కారులోనూ లోపలే కూర్చుని చూసుకున్నాను.

మరి ఈ కార్లు రవాణా ఆఫీసు పరీక్ష ఎలా పాసవుతున్నాయి అంటావు. అడుగు, అడగాల్సిందే.

మా షెడ్డులో పై అలమరాలో పాత తువ్వాల్లో చుట్టి ఒక జత ఉంటుంది. కంపెనీ లైట్లు, అసలువి, గాజు మీద ముద్రతో సహా. ఊళ్ళో ప్రతి మూడో కారూ ఆ మోడలే కదా. పరీక్ష రోజు పొద్దున ఈ జత బిగిస్తాను. కారు వెళ్తుంది, పాసవుతుంది, మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. ఇవి విప్పి మళ్ళీ తెల్లవి బిగించేస్తాను. వాటికి నేను పెట్టిన పేరు అరువు సొమ్ములు. అరువు సొమ్ము బరువు చేటు అని మా అమ్మ ఊరికే అనలేదు గానీ, అప్పుడు నాకది పెద్ద జోకు. ఒకే జత బావా, ముప్ఫై కార్లకి పైనే పాసయ్యాయి దాంతో. ఆ ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని మెచ్చుకుని చూసింది ఆ రెండు గాజుల్నే.

నవ్వకు. కాదు కాదు, నవ్వు. ఎన్నాళ్ళయింది నువ్వు నవ్వి.

రెండు నెలలు. ఇటుక బట్టీ మలుపులో నీ బస్సు కాలవలోకి దిగి ఇవాళ్టికి రెండు నెలల మూడు రోజులు. నేను లెక్కపెట్టట్లేదు అనుకుంటున్నావా? పదకొండు మందికి దెబ్బలు. కండక్టరు ఇంకా మంచం మీదే ఉన్నాడు, తుంటి అతుక్కోలేదు. ఎవరూ పోలేదు కదా, ఎవరూ పోలేదు కదా అని రోజూ పొద్దున లేవగానే నాకు నేను చెప్పుకుంటున్నాను.

"ఎదురుగా కారొచ్చింది. తెల్లటి వెలుగు కళ్ళలో కొట్టింది. రోడ్డు కనపడలేదు." నువ్వు చెప్పింది ఈ మూడు ముక్కలే. ఆస్పత్రిలో అదే, పోలీసులకి అదే, డిపో విచారణలో అదే. వాళ్ళు మాత్రం, కారూ లేదు గీరూ లేదు, నువ్వు నిద్రపోయావు అన్నారు. చూసినవాడు లేడు. ముందు సీట్లలో వాళ్ళంతా ఫోన్లలో ఉన్నారు.

అప్పుడు నువ్వేం చేశావు? "మా బావమరిది లైట్ల పనివాడు, కావాలంటే అతన్ని అడగండి" అన్నావు. నీ తరఫు సాక్షి! ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. గుర్తుందా, మేనేజరు అడిగాడు, "కారు లైటు పడితే మనిషికి రోడ్డు కనపడకుండా పోతుందా?" అని. నేను గొంతు సవరించుకుని, "పరీక్ష పాసైన లైటు అలా కళ్ళలో కొట్టదండి" అన్నాను.

అది అబద్ధం కాదు బావా. అక్షరం అక్షరం నిజం. పాసైన లైటు కొట్టదు. అవి పాసైనప్పుడు బండి మీద ఉన్నవి వేరు, రోడ్డు మీద ఉన్నవి వేరు అని మాత్రం నేను చెప్పలేదు. ఆయన ఆ మాట రాసుకున్నాడు. రవాణా ఆఫీసుకి ఉత్తరం రాస్తే, ఈ చుట్టుపక్కల కార్లన్నీ పరీక్ష పాసైనవే అని జవాబొచ్చింది. రెండూ కలిపి నీ నెత్తిన పెట్టారు. నువ్వు బయటికొచ్చి నా భుజం తట్టావు, "ఉన్నదే చెప్పావులేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆగు, ఇంకా ఉంది. లేవకు.

మొన్న అక్క మా ఇంటికొచ్చి ఏడ్చింది. నువ్వు పడుకోబోయే ముందు అన్నావట, "నిజంగానే కునుకు పట్టిందేమోనే. అంతమంది అంటున్నారు. ఆ వెలుగు కూడా కల్లోనే చూశానేమో" అని. నువ్వేంటి బావా, నువ్వు కూడా! ఇరవై రెండేళ్ళలో ఒక్క గీత పడనివ్వనివాడివి. మా అక్కని బండి మీద తీసుకెళ్ళినా ఖాళీ రోడ్డు మీద చెయ్యి చూపించి మలుపు తిరిగేవాడివి. మేమంతా వెనక నుంచి ఎగతాళి చేసేవాళ్ళం, ఎవరికి చూపిస్తున్నావు బావా, కాకులకా అని. అలాంటివాడివి నిన్ను నువ్వే నమ్మడం మానేశావు.

పైగా ఈ కాగితం. "నేను నిద్రలో ఉండగా ప్రమాదం జరిగినది." సంతకం పెడితే ఉద్యోగం పోయినా పింఛను మిగులుతుందని యూనియన్ ఆయన చెప్పాడు, అవునా? మంచి సలహానే. దొంగతనం చెయ్యనివాడు ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుతుందన్నట్టుంది.

పెట్టకు బావా. ఆ సంతకం పెట్టకు. ఎందుకంటావేంటి, చెప్తున్నా కదా. నోరు తిరగట్లేదు, కాస్త ఆగు.

కారుంది. నువ్వు కలగనలేదు. ఎర్ర కారు. మా షెడ్డులోనే తయారైంది.

ఎవరిదంటే ఎవరిదో ఒకరిదిలే, ఆయన తప్పేం లేదు, ఆయన అసలు అందులో లేడు. ఏడింటికి వచ్చి తీసుకుంటానన్నాడు. బిగించడం అయిపోయింది. "వెలుగు ఇంకొంచెం పైకి" అంటే మర రెండు చుట్లు పైకి తిప్పాను కూడా. ఒకసారి తిప్పి చూద్దామని బయల్దేరాను. అవును, నేనే. నేనే బావా. స్టీరింగు దగ్గర ఉన్నది నేను.

అలా చూడకు. చూడు, చూడు, నీ ఇష్టం.

సందె చీకటి పడుతోంది, సన్నగా తుంపర. బట్టీ రోడ్డు ఖాళీగా ఉంటుందని అటు వెళ్ళాను. వెలుగు ఎంత దూరం కొడుతోందో తెలుసా? మలుపవతల బట్టీ గోడ మీద రాతలు చదవగలిగాను. నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. అప్పుడు బస్సు వచ్చింది. నువ్వు లైటు కొట్టావు. రెండుసార్లు గబగబా, ఒక్క క్షణం ఆగి ఇంకోసారి. నాకు బాగా గుర్తుంది. అబ్బో, డ్రైవరుకి కూడా నచ్చినట్టుంది అనుకున్నాను! ఎంత పొగరో చూడు.

మూడోసారి కొట్టాక అప్పుడు మీట నొక్కి డిమ్ చేశాను. మా అమ్మ మీద ఒట్టు, చేశాను. కానీ ఆ గిన్నెలో ఆ బల్బుకి డిమ్ ఏంటి, ఫుల్ ఏంటి? మర పైకి తిప్పిందీ నేనే కదా. తగ్గనే లేదు. నీ పక్కనుంచి దాటిపోయాను. అద్దంలో చూస్తే బస్సు వెనక ఎర్ర దీపాలు ఒక పక్కకి ఒరుగుతున్నాయి.

ఆపాను. కొంచెం ముందుకెళ్ళి ఆపాను. లైట్లు ఆర్పేసి కూర్చున్నాను. అరుపులు వినిపించాయి. బట్టీ వాళ్ళు దీపాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళొచ్చారుగా, చూసుకుంటారులే అనుకుని షెడ్డుకి వచ్చేశాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఆ లైట్లు విప్పేసి అరువు జత బిగించి, వైరింగు తేడా చేసింది, వారం ఆగండి అని ఆయనకి కారు ఇచ్చి పంపేశాను. అప్పుడు అక్క ఫోనొచ్చింది.

నీ బస్సని నాకు తెలీదు. తెలిసుంటే ఆగేవాణ్ణి కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. నిజం చెప్పనా? తెలిసుంటే ఇంకా జోరుగా పారిపోయేవాణ్ణేమో. నాకు నా మీద అంత నమ్మకం లేదు.

అందరికన్నా ముందు ఆస్పత్రికి చేరింది నేనే. రాత్రంతా నీ మంచం పక్కన కూర్చుంది నేనే. వారం వారం బియ్యం, కూరగాయలు మోసుకొస్తుంటే అక్క పక్కింటావిడతో అంటుంది, మా తమ్ముడు బంగారం అని. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆ సంచీ నెత్తిన పెట్టుకుని బావిలో దూకుదామనిపించేది. షెడ్డు మూయించేస్తారు, కేసు పెడతారు, పిల్లల చదువులేం కావాలి అని భయం. పెద్ద కథేం లేదు, భయం. నీకు పోతే ఉద్యోగమే కదా, నాకైతే అన్నీ పోతాయి అని లెక్క వేసుకున్నాను. సిగ్గులేదు చూశావా.

ఆ లైట్లు తెచ్చాను. గుమ్మం బయట గోనె సంచిలో ఉన్నాయి. వారం తర్వాత ఎర్ర కారుకి వేరే జత వేసి వెనక్కి తీసుకున్న అరువు జత కూడా అందులోనే ఉంది. పదింటికి నీతో డిపోకి వస్తాను. మేనేజరు ముందు, ఇన్‌స్పెక్టరు ముందు, కార్లెన్నో, ఏ రోజు ఏది పాసయ్యిందో అన్నీ చెప్తాను. ఏం చేస్తారో చేసుకోనీ.

ఏదో ఒకటి అను బావా. తిట్టు. చెంప పగలగొట్టు, ఇదిగో, ఒంగుతున్నా. మెడ పట్టి గెంటు.

అక్కా... నువ్వెప్పుడొచ్చావు? విన్నావా? అక్కా, అలా గోడకి ఆనుకుని నిలబడకు, భయమేస్తోంది. ఏమన్నా అను.

ఏంటి బావా? గట్టిగా అను, వినపడట్లేదు... లైటా? కొట్టావు. అవును, నువ్వే కొట్టావు. మూడుసార్లు. రెండు గబగబా, ఆగి ఒకటి. నాకు తప్ప ఎవరికీ తెలిసే అవకాశం లేదు, నువ్వు కూడా ఎవరికీ చెప్పలేదు కదా. కల అయితే నాకెలా తెలుస్తుంది?

అయ్యో, ఏడవకు. ఏంటిది, నా చెయ్యి పట్టుకుంటావేంటి? కళ్ళకద్దుకుంటావేంటి బావా, నీకేమన్నా మతిపోయిందా! వదులు. అక్కా, చెప్పవే, ఆ చెయ్యి వదలమను. నిన్ను ముంచినవాడి చెయ్యి అది. థాంక్సేంట్రా దేవుడా, నాకు థాంక్సేంటి! తన్నినా ఇంత బాధ ఉండేది కాదు.

మళ్ళీనా? ఎన్నిసార్లు అడుగుతావు? సరే, అడుగు. చొక్కా వేసుకో, చెప్పులేసుకో, డిపో దాకా దారి పొడుగునా చెప్తూనే వస్తాను. మెలకువగానే ఉన్నావు బావా. నువ్వు నిద్రపోలేదు.